అసలు పిస్తోలా? ప్రతిరూపమా?

వస్తువు కొనబోయే వేళ "ఇది అసలుదేనా?" అని అడగడం మనకు పరిపాటి. బంగారం విషయంలో ఈ ప్రశ్నకు గీటురాయి సమాధానం చెబుతుంది. పిస్తోలు విషయంలో అంత సులువైన గీటురాయి లేదు. అక్కడ "అసలు" అనే మాటకే మూడు అర్థాలున్నవి. రూపకల్పన చేసినవాని ఊహ ఒకటి. తయారుచేసిన కర్మాగారం పేరు రెండవది. మన చేతికి వచ్చిన ఆ ఒక్క ఆయుధం మూడవది. ఈ మూడింటినీ ఒకటిగా భావించినవాడు పొరపడక తప్పదు. ఆ పొరపాటు వలన డబ్బు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చు. కాని పిస్తోలు విషయంలో అది ప్రాణాల మీదికి కూడా రావచ్చు.

ప్రతిరూపం వేరు, నకిలీ వేరు అని మొదటనే గ్రహించాలి. ఇతరుల పేరు తనపై ముద్రించుకొని మోసగించేది నకిలీ. ఒకరి రూపకల్పనను అనుసరించి, తయారుచేసినవారి సొంత పేరుతో బజారుకు వచ్చేది ప్రతిరూపం. మన ప్రాచీన కావ్యాలు కవులు స్వహస్తాలతో వ్రాసిన తాటాకులపై మనకు దక్కలేదు. లేఖకులు ఎత్తి వ్రాసిన ప్రతుల మూలంగా దక్కినవి. శ్రద్ధ గల లేఖకుడు కావ్యాన్ని నిలబెట్టినాడు, అజాగ్రత్తపరుడు చెరిపినాడు. ఆయుధాల ప్రతిరూపాల కథ కూడా ఇటువంటిదే.

ఉదాహరణకు బ్రౌనింగ్ హై-పవర్ పిస్తోలును తీసుకుందాము. అమెరికా దేశీయుడైన జాన్ మోజెస్ బ్రౌనింగ్ దీని రూపకల్పన ప్రారంభించి, 1926లో బెల్జియంలోని లియేజ్ నగరంలో మరణించినాడు. ఎఫ్.ఎన్. అనే బెల్జియం సంస్థలో పనిచేసే డ్యూడోనే సేవ్ ఆ పనిని పూర్తిచేసినాడు. బ్రౌనింగే పూర్వం కోల్ట్ సంస్థ కోసం రూపొందించిన 1911 పిస్తోలు పేటెంట్ల గడువు 1928లో తీరిపోగా, వానిలోని మంచి అంశాలను సేవ్ ఇందులో చేర్చుకొన్నాడు. 1935లో బెల్జియం సైన్యం ఈ పిస్తోలును స్వీకరించినది. 9 మిల్లీమీటర్ల తూటాలు పదమూడింటిని దీని మేగజీను ఇముడ్చుకొంటుంది. కాబట్టి మనం "అసలు" అని గౌరవించే ఈ పిస్తోలే, గడువు తీరిన పాత పేటెంట్ల ఋణం కొంత తీసుకొని పుట్టినది.

1940లో జర్మన్ సైన్యాలు బెల్జియంను ఆక్రమించుకొన్నవి. అదే కర్మాగారంలో, జర్మన్ల అదుపులో, మూడు లక్షలకు పైగా పిస్తోళ్ళు తయారైనవి. యుద్ధం సాగినకొద్దీ వాని నునుపు, అమరిక క్షీణించినవి. కార్మికులు బుద్ధిపూర్వకంగానే లోపాలు కల్పించినారని కూడా చెబుతారు. ఆ సమయంలోనే సేవ్ బెల్జియం నుండి తప్పించుకొని ఇంగ్లండు చేరినాడు. కెనడాలోని టొరంటోలో బ్రెన్ తుపాకులు తయారుచేస్తూ ఉండిన ఇంగ్లిస్ సంస్థ 1944లో ఈ పిస్తోలు తయారీకి పూనుకొని, యుద్ధం ముగిసేలోగా లక్షన్నర వరకు తయారుచేసినది. అసలు కర్మాగారం గడ్డు రోజులలో చేసిన పిస్తోలు కంటె, సముద్రాల కావల తయారైన ఈ రెండవ ప్రతి సైనికులకు నమ్మదగినదైనది. మన దేశపు ఈషాపూర్ రైఫిల్ కర్మాగారంలో తయారై భారత సైన్యానికి అందిన 9 మి.మీ. పిస్తోలు సైతం ఈ కెనడా నమూనా సంతతిలోనిదే. పేరుకు, నాణ్యానికి సంబంధం ఉన్నది గాని అది విడదీయరానిది కాదు.

పైగా అసలు పిస్తోలు కూడా కాలక్రమంలో ఒకే తీరున లేదు. పేలిన తూటా తొడుగును బయటికి లాగే కొక్కెం మొదట స్లయిడు లోపల ఉండేది. 1960ల దశకం నుండి అది పైకి కనబడేటట్లు మారినది. 1980ల దశకం చివర వచ్చిన మార్క్ 3 నమూనాలో, పిస్తోలు జారిపడినా దానంతట అది పేలకుండా ఫైరింగ్ పిన్నును నిలిపే అడ్డు చేర్చినారు. అంతకు ముందటి పిస్తోళ్ళలో చాలావానికి ఆ రక్షణ లేదు. ఎఫ్.ఎన్. సంస్థ 2018లో ఈ పిస్తోలు తయారీని నిలిపివేసినది.

ఇక ప్రతిరూపాల సంగతి. అర్జెంటీనాలో లైసెన్సు పొంది తయారుచేసినారు. హంగరీలోని ఫెగ్ సంస్థ చేసిన కొన్ని పిస్తోళ్ళు అచ్చు గుద్దినట్లు అసలును పోలి ఉండేవి. అదే సంస్థ పి9ఆర్ అనే పిస్తోలు చూపునకు అక్కాచెల్లెళ్ళవలె ఉన్నా, లోపలి యంత్రం వేరు. అసలుదాని విడిభాగాలు దానికి ఇమడవు. ఇటీవలి కాలంలో టర్కీలోని గిర్సాన్ సంస్థ, అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ సంస్థ కొత్త ప్రతిరూపాలను బజారుకు తెచ్చినవి. ఎఫ్.ఎన్. సంస్థ కూడా 2022లో హై పవర్ అనే పాత పేరుతోనే మరొక పిస్తోలు విడుదల చేసినది. వింత ఏమిటంటే, పాత పిస్తోలు విడిభాగాలు అసలు సంస్థ చేసిన ఈ కొత్తదానికి సరిపడవు. పేరు అసలుదే, వస్తువు వేరు!

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన విషయానికి వద్దాము. పాత హై-పవర్‌లో ఒక ఏర్పాటు ఉన్నది. మేగజీను ఊడదీసినచో మీట నొక్కినా పిస్తోలు పేలదు. మేగజీను తీసినప్పటికీ గొట్టం మొదట ఒక తూటా మిగిలి ఉండవచ్చు. దానిని మరచిపోయిన వేళ ఈ ఏర్పాటు కాపాడుతుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ వారు 2021లో విడుదల చేసిన ఎస్.ఏ.-35లో ఈ ఏర్పాటు లేదు. అది లోపం కాదు. మీట తేలికగా కదలడానికి వారు తెలిసి చేసిన మార్పు. కాని పాతదానికి అలవాటుపడిన చేయి ఈ ప్రతిరూపాన్ని పట్టుకొని, "మేగజీను తీసినాను గదా" అని ధీమాగా మీట నొక్కితే ఏమవుతుంది? పోలిక ఎంత ఎక్కువైతే ప్రమాదం అంత ఎక్కువ. అంతేకాదు, మీట బరువు తగ్గించుకోవడానికి పాత పిస్తోళ్ళలో కూడా ఈ భాగాన్ని తీసివేయించినవారు ఎందరో ఉన్నారు. బెల్జియం ముద్ర చెక్కుచెదరకుండా ఉండవచ్చు. లోపలి రక్షణ మాత్రం ఎప్పుడో పోయి ఉండవచ్చు. కనుక స్లయిడు వెనుకకు లాగి, గొట్టం ఖాళీగా ఉన్నదని కంటితో చూచి, వేలితో తడిమి నిశ్చయించుకొనే వరకు ఏ పిస్తోలైనా నిండుగా ఉన్నదనే భావించాలి.

మరి ఎంపిక ఎట్లా? దాచుకొనడానికి, చరిత్ర కోసం కొనేవారికి అసలుదే తగినది. వారు సంఖ్యలు, ముద్రలు సరిచూచుకోవాలి. లియేజ్‌లో 1672 నుండి ఆయుధ పరీక్షాలయం ఉన్నది. మామూలుకంటె అధిక ఒత్తిడి గల తూటాను పేల్చి, నిలిచిన ఆయుధానికే అక్కడ ముద్ర వేస్తారు. అటువంటి పాత పిస్తోలును మెరుగుపెట్టి కొత్తదిగా చేయబూనడం దాని విలువను పోగొట్టుకొనడమే. గురి సాధనకు వేలకొలది తూటాలు పేల్చదలచినవారికి మంచి ప్రతిరూపం మేలు. భాగం అరిగితే మార్చవచ్చు. తయారీదారు హామీ ఉంటుంది. అరుదైన వస్తువును అరగదీసినామన్న విచారం ఉండదు. వారు మూడు విషయాలు విచారించాలి: మేగజీనులు, స్ప్రింగులు నిరాటంకంగా దొరుకుతవా? విడిభాగాలు దేనికి ఇముడుతవి? అసలుదానికీ దీనికీ రక్షణ ఏర్పాట్లలో తేడాలేవి? ఆత్మరక్షణకు ఉంచుకొనేవారు ఏది కొన్నా, నిపుణునికి చూపించి, తాము వాడే తూటాలతోనే చాలినంతగా పరీక్షించిన తరువాతనే దానిని నమ్మాలి.

అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఇది నిజంగా అంగడిలో ఎదురయ్యే ప్రశ్న. అక్కడ కొన్ని రాష్ట్రాలలో పదికి మించి తూటాలు పట్టే మేగజీనులు నిషిద్ధం. పదమూడు పట్టే పిస్తోలు కొనేముందు ఆ సంగతి విచారించుకోవాలి. మన దేశంలో 9 మి.మీ. పిస్తోలు నిషిద్ధ బోరు వర్గంలోనిది. సామాన్య పౌరునికి దొరకదు. అయినప్పటికీ ఈ ప్రశ్న మనకు దూరమైనది కాదు. క్రీడాకారులు మొదలైన కొద్దిమందికి తప్ప విదేశీ ఆయుధాల దిగుమతి 1980ల దశకంలో ఆగిపోవడంతో, లైసెన్సుదారులు పాత విలాయతీ రివాల్వర్లకు ఎంతో హెచ్చు ధర ఇస్తున్నారు. కాన్పూరులో తయారయ్యే .32 రివాల్వరు కూడా వెబ్లీ అనే విలాయతీ రివాల్వరు అడుగుజాడలలో పుట్టినదే. ఆ ధర పాత పేరుకు ఇస్తున్నామా, ఎదుట ఉన్న వస్తువు స్థితికి ఇస్తున్నామా అని కొనేవారు తమను తాము ప్రశ్నించుకోవాలి.

పేరు కర్మాగారానికి సంబంధించినది. బాధ్యత ఆయుధం పట్టిన చేతిది. అసలుదైనా, ప్రతిరూపమైనా, తన చేతిలోని ఆ ఒక్క పిస్తోలు ఎట్లా పనిచేస్తుందో, ఎప్పుడు పనిచేయదో తెలియనివాడు దానిని కొనకుండా ఉండడమే క్షేమం.