చీటీకి వచ్చిన రంగు

క్విల్టు సంఘములలో జరుగు రంగుల పందెము. దాని నియమములు, దాని వెనుకనున్న వర్ణరహస్యము, మన బొంతలకు అది నేర్పగల పాఠము

అమెరికాలోని చిన్న పట్టణములందు, నెలకొకమాఱు చర్చి హాలులోనో గ్రంథాలయపు వెనుకగదిలోనో కూడు క్విల్టు గిల్డులలో, తఱచుగా జరుగు వేడుక యొకటి కలదు. పిల్లలు బొమ్మలకు రంగులు వేయు క్రేయానులను ఒక గుడ్డసంచిలో పోసి నిర్వాహకురాలు వరుసగా త్రిప్పగా, సభ్యులొక్కొక్కరును లోనికి చూడక చేయిపెట్టి, చేతికందిన క్రేయానును పైకి దీయుదురు; అది ఏ రంగైనను సరే, ఆ రంగే ప్రధానముగా గడువులోపల ఒక చిన్న క్విల్టును కుట్టి తేవలయును. నీలము వచ్చినవారు నవ్వుదురు. ఎఱుపు వచ్చినవారు పక్కవారికి చూపి మురియుదురు. బురదవంటి గోధుమరంగో, పాలిపోయిన ఆకుపచ్చయో వచ్చినవారు సంచివంక మఱల ఆశగా చూతురు. కాని మార్చుకొనుటకు వీలులేదు. ఆ వీలు లేకుండుటయే ఈ పందెమునకు ప్రాణము.

క్విల్టనునది మన యిండ్లలోని బొంతవంటిదే. వన్నెవన్నెల ముక్కలు కలిపి కుట్టిన ముఖపుగుడ్డ, నడుమ దూదిపొర, దిగువ అడుగుగుడ్డ, ఈ మూటిని పట్టియుంచు సన్నని టాకాలు, చుట్టును మడిచి కుట్టిన అంచుపట్టీ దాని అంగములు. చలికి కప్పుకొనుటకై తరతరములుగా కుట్టుకొనుచు వచ్చిన ఈ విద్య, 1976లో అమెరికా స్వాతంత్ర్యపు ద్విశతాబ్ది ఉత్సవముల వేళ వేడుకగా మఱల తలయెత్తి, ఊరూర సంఘములకు కారణమయ్యెను. 1979లో జపానుదేశపు ఓల్ఫా సంస్థ గుండ్రని అలుగుగల చక్రపుకత్తిని విపణికి దెచ్చుటతో, కత్తెరకు పూట పట్టు పని గడియలో ముగియసాగెను; 18 అంగుళముల వెడల్పును 22 అంగుళముల పొడవును గల ముక్కలను కట్టలు కట్టి అమ్ము దుకాణములును వచ్చెను. పని సులువైనది, గుడ్డ పెరిగినది. దానితోపాటు ఒక చిక్కు కూడ వచ్చిపడెను. నచ్చినదానినే కొనుట మనుష్యస్వభావము గనుక, నీలము నచ్చినయామె బీరువానిండ నీలమే చేరును. పదియేండ్లు కుట్టినను ఆమె చేతికి అలవడిన రంగులు నాలుగైదు మించవు. ఈ చిక్కునకు విఱుగుడుగా సంఘములు చేపట్టినదే రంగుల పందెము. వారు దీనిని కలర్ ఛాలెంజి యందురు.

క్రేయోలా పేరిట 1958లో 64 రంగుల పెట్టె వెలువడినది మొదలు అట్టి పెట్టె అమెరికాలో పిల్లలున్న ప్రతియింటను కానవచ్చునదే గనుక, చీటీలకు బదులు క్రేయానులు వాడుట అలవాటయ్యెను. కొన్ని సంఘములు గోడరంగులమ్ము దుకాణములలో ఉచితముగా దొరకు నమూనా కార్డులను వాడును; మఱికొన్నిట ప్రతి సభ్యురాలును తనకు బొత్తిగా నచ్చని గుడ్డను కాగితపు సంచిలో పెట్టి తెచ్చి, దానిని మఱియొకరి సంచితో మార్చుకొనును. ఉపాయము వేఱైనను ఉద్దేశ్య మొక్కటే: రంగును ఎన్నుకొను అధికారమును చేతినుండి తీసి అదృష్టమునకు అప్పగించుట.

నియమములు కొన్నియే, కాని గట్టివి

పందెము నడుపుటలోని నేర్పంతయు నియమములను ఏర్పఱచుటయందే కలదు. అవి పదియైనచో సభ్యులు బెదరుదురు. ఒకటి రెండే యైనచో తీర్పునాడు తగవులు వచ్చును. నాలుగు చాలును. మొదటిది పరిమాణము: నాలుగంచుల మొత్తపు కొలత 80 అంగుళములకు మించరాదనియో, అట్టిదే మఱియొక హద్దో పెట్టవలయును, మొత్తము చెప్పి ఆకారము విడిచినచో, చతురస్రము వలసినవారు చతురస్రమును, నిలువుపట్టీ వలసినవారు నిలువుపట్టీని కుట్టుకొందురు. రెండవది రంగుపాలు: చీటీకి వచ్చిన రంగు సగమున్నదా, ముప్పాతిక యున్నదా యని స్కేలుతో కొలుచుట వృథాశ్రమ, పదియడుగుల దూరమున నిలిచి చూచినవారికి మొదట తోచు రంగు అదియే కావలెనన్న చాలును. మూడవది సంపూర్తి: మూడు పొరలు, టాకాలు, అంచుపట్టీ, వెనుక పైయంచున కఱ్ఱ దూర్చుటకు గొట్టముగా కుట్టిన గుడ్డ, ఇవన్నియు నుండవలయును, ముఖపుగుడ్డ మాత్రమే కుట్టి తెచ్చినది లెక్కకు రాదు. నాలుగవది గోప్యము: తెర తీయు దినమువఱకు ఎవరేమి కుట్టుచున్నదియు రెండవవారికి తెలియరాదు. గోప్యమువలన కుతూహలము పెరుగుట యొక లాభమే గాని, చేయి తిరిగినవారిని చూచి తక్కినవారు అనుకరించు ప్రమాదము తప్పుట అంతకు మించిన లాభము.

గడువు మూడు నెలలు చాలును. ఆఱు నెలలిచ్చినచో మొదటి ఐదు నెలలును క్రేయాను సొరుగులోనే పడియుండును. మార్పిడికి మాత్రము నిర్వాహకురాలు ఎంత మొగమాటమున్నను ఒప్పుకొనరాదు. ఒకరికి ఒప్పుకొన్నచో పదిమంది లేతురు, పదిమంది లేచినచో ఎవరి బీరువా రంగులు వారికే చేరును, పందెము పేరు మాత్రమే మిగులును.

మిగులుగుడ్డ చూపిన దారి

ఎన్నుకొను స్వేచ్ఛ లేనిచోట కళ యెట్లు పుట్టునని సందేహించువారికి, అలబామా నది వంపులోనున్న జీస్ బెండ్ అను కుగ్రామము సమాధానము చెప్పును. ఒకనాటి బానిసల సంతతివారైన అచ్చటి నల్లజాతి స్త్రీలు, పొలముపనిలో చిరిగిన చొక్కాలను, మోకాళ్లయొద్ద వెలిసిన జీను ప్యాంట్లను కోసి బొంతలు కుట్టుకొనుచుండిరి. పౌరహక్కుల పోరాటము సాగుచుండిన 1966లో ఆ ప్రాంతమున ‘ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ’ అను సహకార సంఘ మేర్పడెను. 1972లో సియర్స్ రోబక్ అను వర్తకసంస్థ కార్డురాయి గుడ్డతో దిండుగలీబులు కుట్టు పనిని ఆ సంఘమున కప్పగించెను. కార్డురాయి సన్నని గాళ్లుగల మందపు నూలుగుడ్డ; చేతితో ఒకవైపునకు నిమిరిన ముదురుగను, ఎదురు నిమిరిన లేతగను దాని నిగ్గు మాఱును. సంస్థనుండి వచ్చిన రంగులు ఆ దశాబ్దపు మోజునుబట్టి వచ్చినవి: అవకాడోపండు ఆకుపచ్చ, ముదురు పసిడి, నారింజ, చెఱ్ఱీ ఎఱుపు. వానిని ఆ స్త్రీలు కోరలేదు. గలీబులు పోగా మిగిలిన ముక్కలు మాత్రము ఇండ్లకు చేరెను. మందపుగుడ్డను సన్నని ముక్కలుగా కోయుట కష్టమగుటచే వెడల్పైన పట్టీలనే కలిపిరి. రంగులు కొన్నియే యగుటచే, ఒకే ఆకుపచ్చను ఒకచోట నిలువుగను ఒకచోట అడ్డముగను త్రిప్పి, ఆ నిగ్గు భేదముతోనే రెండు రంగుల పని చేయించిరి. 2002లో జీస్ బెండ్ బొంతలు హ్యూస్టనులోని లలితకళా ప్రదర్శనశాలలోను, పిదప న్యూయార్కులోని విట్నీ మ్యూజియములోను వ్రేలాడెను. 2006లో అమెరికా తపాలాశాఖ వానిపై పది బిళ్లలను వెలువరించెను.

పొరుగునుబట్టి రంగు

నచ్చని రంగు చేతికి వచ్చినప్పుడు మనుష్యుడు చేయు మొదటిపని దానిని మాటుపఱచ జూచుట. అది సాగనప్పుడు చేయు రెండవపని దాని పక్కన ఏది యుంచిన అది బాగుపడునో వెదకుట. ఈ రెండవపనియే వర్ణజ్ఞానమునకు ఓనమాలు. పారిస్ నగరమునందలి గోబెలిన్ నేతశాలలో 1824లో అద్దకపు శాఖకు అధిపతియైన షెవ్రల్ అను రసాయనశాస్త్రజ్ఞునకు, అచ్చటి నల్లదారము పస లేక వెలవెల బోవుచున్నదని ఫిర్యాదు వచ్చెను. అద్దకమున లోపమేమియు అతనికి కనబడలేదు. ఆ నలుపును నీలపు, ఊదారంగు మడతల నడుమ నేయుటచే ఆ పొరుగురంగుల ప్రభావమున అది చప్పబడినట్లు తోచుచుండెను. ఈ విషయమును సాకల్యముగా విచారించి అతడు 1839లో ప్రకటించిన గ్రంథము, తరువాతి చిత్రకారులకును వస్త్రకారులకును ఆధారమయ్యెను.

ఈ సత్యమును సంఘములోనే పావుగంటలో నిరూపింపవచ్చును. ఒకే బూడిదరంగు గుడ్డనుండి రెండంగుళముల చదరములు రెండు కోసి, ఒకదానిని పసుపుగుడ్డ నడుమను, రెండవదానిని వంగపండు రంగు గుడ్డ నడుమను గుండుసూదులతో గ్రుచ్చి గోడకు తగిలింపుడు. పసుపు నడిమి బూడిదకు నీలపు ఛాయ యంటును. వంగపండు నడిమిది పసుపు తిరిగినట్లును, మునుపటికంటె లేతగను కనబడును. రెండును ఒక గుడ్డవే యని కోసినవారే నమ్మలేరు. ఇది చూచిన పిమ్మట గోధుమరంగు క్రేయాను వచ్చిన సభ్యురాలు దిగులుపడదు. తేనెరంగు మొదలు కాఫీపొడి రంగువఱకు గోధుమలోనే మెట్లు కట్టి, ఒకమూల అఱచేతిలో సగమంత లేతనీలమును పెట్టును. ఆ నీలముతో గోధుమయంతయు వేడెక్కి వెలుగును.

మెట్లు అనుటలోనే మఱియొక కీలకము కలదు. క్విల్టుకు ఆకారము నిచ్చునది లేత, ముదురుల భేదము. రంగు దాని తరువాతిది. ఎఱుపును ఆకుపచ్చయు సమానముగా ముదురైనచో, దూరమునుండి చూచువారికి చుక్క లేదు, పువ్వు లేదు, అంతయు నొకటే ముద్ద. ముక్కలను కుట్టకమునుపు నేలపై పఱచి, సెల్‌ఫోనులో నలుపు తెలుపుల ఫోటో తీసి చూచుకొన్నచో ఈ లోపము తప్పక బయటపడును.

ఎఱుపు తెలుపులు 651

ఒకే రంగున ఎన్ని విధములుండునను ప్రశ్నకు, 2011 మార్చి 25 నుండి 30 వఱకు న్యూయార్కులో పార్క్ ఎవెన్యూ ఆర్మరీ భవనమున అమెరికన్ ఫోక్ ఆర్ట్ మ్యూజియమువారు జరిపిన ప్రదర్శన జవాబు. జోవానా రోజ్ అను ఆమె సేకరించిన 651 క్విల్టులు, అన్నియు ఎఱుపు తెలుపులే, మూడు శతాబ్దములవి, ఎత్తైన కప్పునుండి వలయములుగా వ్రేలాడదీసిరి. ఒకటి యున్నట్లు మఱియొకటి లేదు. పందొమ్మిదవ శతాబ్దిలో ఈ జంటపై మోజు పెరుగుటకు ఒక లౌకిక కారణము కలదు: టర్కీ రెడ్ అను ఎఱుపు ఉతికినను తెలుపునకు అంటకుండెడిది. నూనె, పటిక, మంజిష్ఠవేరు ఉపయోగించి వారములతరబడి సాగు ఆ అద్దకము తూర్పుదేశములనుండి యూరపునకు చేరి, 1785 ప్రాంతమున గ్లాస్గోలో స్థిరపడెను.

పటికతో ఎఱుపును నిలుపు విద్య మన తీరమునకు క్రొత్తది కాదు. గుడ్డను కరక్కాయ రసములోను గేదెపాలలోను ముంచి ఆఱబెట్టి, పటికనీట దిద్దినచోట చిరివేరుతో ఎఱుపు పుట్టించి, ఇనుపతుక్కును బెల్లపునీట పులియబెట్టి నలుపు తీసిన మచిలీబందరు అద్దకపువారి గుడ్డలు, యూరపులో పడకలపై దుప్పట్లుగా పఱచుకొనెడివారు, ముక్కలుగా కోసి క్విల్టులలో కుట్టుకొనెడివారు. వాని ధాటికి తాళలేక ఇంగ్లండు 1700లోను 1721లోను నిషేధశాసనములు చేసి, 1774లో గాని వానిని సడలింపలేదు. నేటి రసాయనపు ఎఱుపులలో అన్నింటికి అంతటి నిలుకడ లేదు. ఎఱుపు చీటీ వచ్చినవారు ముక్కను వేడినీట తడిపి తెల్లగుడ్డపై నొక్కి చూచిన పిదపనే కత్తి పట్టవలయును.

తెర తీయు దినము

గడువునాడు క్విల్టులన్నిటిని పేర్లు లేక అంకెలతో మాత్రమే తగిలించి, సభ్యులచేత రహస్యముగా ఓట్లు వేయింపవలయును. తగిలించునప్పుడు పరిమాణమునుబట్టి గాక వర్ణచక్రమునుబట్టి వరుస పెట్టినచో, ప్రక్కప్రక్కనున్న రెండు నీలములు ఎంత భిన్నములో ఎవరును చెప్పకయే తెలియును. బహుమతి చిన్నదిగా నుండుట మేలు. పెద్దదైన పందెము పోటీయగును, క్రొత్తవారు మఱుసటియేడు రారు. ఓట్లకంటె ముఖ్యమైనది మఱియొకటి: కుట్టినయామె లేచి, తనకు వచ్చిన రంగు మొదట ఏమి చిక్కు తెచ్చెనో, దానిని ఏ గుడ్డ తీర్చెనో రెండు నిమిషములు చెప్పుట. సంఘమునకు మిగులు ఆస్తి ఆ మాటలే.

మన చీరలు, మన పేర్లు

మన ఇల్లాండ్రకు ఈ పందెము కొత్తగా నేర్పవలసినది కాదు. ఇంట ఏ చీర చినిగిన ఆ చీర రంగే బొంతకు ప్రాప్తము. నాలుగు పాతచీరలు మడతలుగా పఱచి, వేసవి మధ్యాహ్నములందు టాకాలు వేసిన అవ్వలు ఎన్నడును రంగును కొని తెచ్చుకొనలేదు. ఆ ప్రాప్తమును పందెముగా మలచిన చాలును. మహిళామండలియైనను, అపార్టుమెంటు స్త్రీల బృందమైనను, అమెరికాలో అట్టపెట్టెలనిండ చీరలు దాచుకొన్న తెలుగు కుటుంబములవారైనను, క్రేయానుల కొఱకు వెదకనక్కఱలేదు. చీరల దుకాణములో మన మనునిత్యము పలుకు పేర్లనే చీటీలపై వ్రాయుడు: ముక్కుపొడి రంగు, ఉల్లిపొర రంగు, కనకాంబరము, నెమలికంఠము, చిలుకపచ్చ, మెంతిరంగు, నేరేడు. మెత్తబడిన నూలుచీరలు ఇందుకు మిక్కిలి అనుకూలములు. పట్టుముక్కలు పోగులు విడును గనుక వెనుక పలుచని అతుకుగుడ్డ ఇస్త్రీతో అంటించి కోయవలయును. జరీయంచు సూదికి లొంగదు గనుక దానిని విడిగా తీసి అంచుపట్టీకి ఉంచవలయును. పాతచీరలకు స్టీలుగిన్నెలిచ్చు వర్తకుడు వీధిలోనికి వచ్చిన దినమున వాని తూనికకు అన్నియు వేయక, రంగునకొక చీర చొప్పున ప్రక్కకు తీసి యుంచుడు. పదిమంది చేరిన దినమున చీటీలు వేయుడు. ఎవరికి ఏది వచ్చినను మార్చుకొననీయకుడు.