భూసేకరణ: రైతు అభ్యంతరం ఎవరు వినాలి?

ఢిల్లీ పొరుగున ఉన్న గ్రేటర్ నోయిడాలో బహుళ అంతస్తుల భవనాల కింద ఒకప్పుడు పంట పొలాలు ఉండేవి. ఆ నగర అథారిటీ 1991లో ఏర్పడింది. దానికి ఆధారం 1976 నాటి ఉత్తరప్రదేశ్ పారిశ్రామిక ప్రాంత అభివృద్ధి చట్టం. భూమి సేకరించింది మాత్రం బ్రిటిష్‌వారు 1894లో చేసిన చట్టం కింద.

ఆ పాత చట్టంలోని 5-ఎ సెక్షన్‌ను గమనించండి. నోటిఫికేషన్ వెలువడిన 30 రోజుల్లోగా రైతు అభ్యంతరం చెప్పవచ్చు; కలెక్టర్ వినాలి. అయితే 17వ సెక్షన్ కింద 'అత్యవసరం' అని ప్రకటిస్తే ఆ విచారణ అక్కరలేదు. చిక్కంతా ఇక్కడే వచ్చింది. సమీపంలోని దాద్రిలో ప్రైవేటు విద్యుత్ కేంద్రం కోసం ఇలాగే భూమి తీసుకుంటే, రైతుల అభ్యంతరాలు వినవలసిందేనని 2009లో అలహాబాద్ హైకోర్టు చెప్పింది.

షాబేరి గ్రామంలో 156 హెక్టార్లను పారిశ్రామికాభివృద్ధి పేరుతో తీసుకుని, ఇళ్లు కట్టి అమ్మే బిల్డర్లకు ఇచ్చారు. ఇందులో అత్యవసరం ఏముందని మీరూ అడుగుతారు. 2011 జూలై 6న సుప్రీంకోర్టు ఆ సేకరణ రద్దును సమర్థించింది. మరి అప్పటికే ఫ్లాట్లకు డబ్బు కట్టినవారి మాటేమిటి? అక్టోబరు 21న హైకోర్టు మూడు గ్రామాల్లో సేకరణను కొట్టివేసింది. నిర్మాణాలు సాగిపోయిన మిగతా గ్రామాల రైతులకు 64.7 శాతం అదనపు పరిహారం ఇమ్మంది.

2014 జనవరి 1న అమలులోకి వచ్చిన కొత్త కేంద్ర చట్టం 'అత్యవసరం' అనే మాటను ప్రధానంగా దేశరక్షణకు, ప్రకృతి వైపరీత్యాలకు పరిమితం చేసింది.