సన్నని దేహమును, హృద్రోగమును

స్థూలకాయులకే హృద్రోగము వచ్చుననియు, బక్కపలుచనివారికి ఆ భయము లేదనియు లోకమున ఒక తలంపు కలదు. ఖమ్మము మొదలు భద్రాచలపు అడవి అంచువరకు గల మన పల్లెలలో బక్కపలుచనివారు పెక్కుమంది గావున, ఈ తలంపు ఎంతవరకు సత్యమో మేమిందు వివరింపబూనితిమి.

దేహపు బరువును కిలోలలో తీసికొని, మీటర్లలోని పొడవుచేత రెండుమార్లు భాగించినచో ఒక సంఖ్య వచ్చును. అది 25 చేరినచో అధికభారమని సామాన్య నిర్ణయము. కాని ఆసియావాసులకు అంతకుముందే అపాయము పొడసూపునని గుర్తించి, 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 23 నుండియే హెచ్చరిక అవసరమనిరి. అనగా 160 సెంటీమీటర్ల పొడవుగలవారు 64 కిలోలవరకు ఆగక, 59 కిలోలకే మేలుకొనవలెను.

దీనికి కారణమేమి? అంతే బరువుగల ఐరోపావారితో పోల్చినచో మనలో కండ తక్కువ, క్రొవ్వు ఎక్కువ. అదియు విశేషముగా ఉదరమున చేరును. ఆ క్రొవ్వు ఇన్సులిన్ పనిని చెరచి మధుమేహమునకును, హృద్రోగమునకును దారితీయును. కావున త్రాసుతోపాటు కొలతటేపును వాడవలెను. నడుము చుట్టుకొలత పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదు.

ఈ భేదము పుట్టుకనాడే కానవచ్చును. పూణే ప్రాంతపు పల్లెల శిశువులను ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువులతో పోల్చి, డాక్టరు యాజ్ఞిక్ గారును వారి సహచరులును 2003లో ఫలితములు ప్రకటించిరి. సగటు బరువు అచ్చట 3.5 కిలోలు, ఇచ్చట 2.7 కిలోలు. మన శిశువులకు కండ మిక్కిలి తగ్గినను, చర్మము క్రింది క్రొవ్వు అంతగా తగ్గలేదు.

ఇది మార్పురాని జాతిలక్షణమని నిరాశ చెందనక్కరలేదు. 1987–90 నడుమ హైదరాబాదు సమీపమున కొన్ని పల్లెలలో గర్భిణులకును, చిన్న పిల్లలకును పుష్టికరమగు ఉప్మా పెట్టిరి, మరికొన్నింట పెట్టలేదు. ఆ పిల్లలు 13 మొదలు 18 ఏండ్లవారైన పిమ్మట పరీక్షింపగా, ఆహారమందిన పల్లెలవారి రక్తనాళములు తక్కువ బిరుసుగా నుండెను. ఇన్సులిన్ మేలుగా పనిచేయుచుండెను. ఈ ఫలితము 2008లో వెలువడినది.

గర్భమున లేమిని, పిదప కలిమిని చూచిన దేహమునకే అపాయము హెచ్చు. కోయ పల్లెలలోనైనను, పట్టణములోనైనను, కాలినడకయు జొన్నగటకయు తరిగి, చక్కెరయు నూనెయు పెరిగినచో అట్టి దేహము ఆ భారము నోర్వజాలదు. విద్యార్థులు ఆటలు మానరాదు. పెద్దలు వేరొక సంగతి యోచింపవలెను: ఇంటిల్లిపాది తినిన తరువాత మిగిలినది గర్భిణి తినుట పెక్కు ఇండ్ల వాడుక. ఆమెకు ముందు వడ్డించుటయే పుట్టబోవు బిడ్డ గుండెకు మనము చేయగల మొదటి రక్షణ.