మ్యూజియము మనకు కూడా



పట్నం మొహం చూడని కుటుంబము మన సంఘాలలో ఇప్పుడు లేదు. ఆసుపత్రి పని మీద, పిల్లల చదువుల కోసం, పెండ్లిండ్లకు, కన్వెన్షన్లకు విజయవాడో హైదరాబాదో వెళ్తూనే ఉంటాము. పని ముగిసి ఒక పూట మిగిలితే బజారుకు వెళ్తాము గాని, మ్యూజియమునకు వెళ్దామని ఎవరూ అనరు. ఎందుకని అడిగితే రెండు మాటలు వినబడతాయి. "అయ్యగారూ, అవి చదువుకున్నవాళ్లకండీ, మనకేం తెలుస్తాయి?" అనేది ఒకటి. "అక్కడ విగ్రహాలుంటాయి గదా, విశ్వాసులం వెళ్లవచ్చునా?" అనేది రెండవది.

రెండవదానికి ముందు జవాబు చెబుతాను. అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయము తీసి చూడండి. పౌలు ఏథెన్సు పట్టణములో తిరిగి, అక్కడివారు పూజించే వాటిని శ్రద్ధగా చూశాడు. వాటికి మ్రొక్కలేదు, కండ్లు మూసుకొని దాటిపోనూ లేదు. తాను చూసిన ఒక బలిపీఠము మీది వ్రాతతోనే అరేయొపగులో తన ప్రసంగము మొదలుపెట్టాడు. చూడటము వేరు, మ్రొక్కటము వేరు.

ఇక మొదటి మాట. నేను కలిదిండి చేలగట్ల మీద పెరిగినవాడను. చిన్నతనములో మ్యూజియము అన్న మాటే వినలేదు. పెద్దవాడనై, వేదాంత విద్యకు వెళ్లిన తరువాతనే మొదటిసారి ఒక మ్యూజియము మెట్లెక్కాను. అప్పటినుండి అవకాశము దొరికినప్పుడల్లా వెళ్తున్నాను. పల్లెలో పెరిగినవానికి అక్కడ ఆనందము తక్కువ కాదు, ఒక పాలు ఎక్కువే. ఒక వస్తువును చేతితో వాడినవానికి దానిలో కనబడేది, పుస్తకములో మాత్రమే చదివినవానికి కనబడదు.

హైదరాబాదులో మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియము ఉన్నది. నిజాము రాజ్యములో దివానులుగా పనిచేసిన సాలార్‌జంగుల కుటుంబము సేకరించిన వస్తువులవి. 1951 డిసెంబరు 16న నెహ్రూగారు దానిని ప్రారంభించారు. 1968లో ఇప్పటి భవనములోనికి మార్చారు. గంట గంటకు ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి గంట కొట్టే గడియారము దగ్గర జనము గుమికూడి ఉంటారు. అది చూడండి. తరువాత పాలరాతి రిబ్కా దగ్గరకు వెళ్లండి.

బెంజోని అనే ఇటలీ శిల్పి చెక్కిన బొమ్మ అది. మొదటి సాలార్‌జంగ్ 1876లో రోము నగరములో దానిని కొన్నారు. ఆదికాండము 24వ అధ్యాయములో, ఇస్సాకును దూరమునుండి చూసి ఒంటె దిగి ముసుగు వేసుకొన్న రిబ్కా ఈమె. ముసుగు కూడా రాయే, అయినా దాని వెనుక ముఖము కనబడుతుంది. తడిసిన పలుచని గుడ్డ కప్పినట్లే ఉంటుంది.

మా సంఘములోని ఒక మామ్మగారు కంటి శుక్లాల ఆపరేషను తరువాత పరీక్షకు హైదరాబాదు వచ్చినప్పుడు, ఆమెను కుమారునితో కూడా అక్కడికి తీసుకొని వెళ్లాను. అందరూ ఆ ముసుగు పనితనము గురించే మాట్లాడుకొంటున్నారు. మామ్మగారు చాలాసేపు చూసి, "పది ఒంటెలకు నీళ్లు తోడిన పిల్ల ఈమేనా అయ్యగారూ? ఎన్ని కడవలు తోడిందో తల్లి! చేతులు బొబ్బలెక్కి ఉంటాయి" అన్నది. చెరువునుండి కడవలతో నీళ్లు మోసి నలుగురు పిల్లలను పెంచిన మనిషి ఆమె. నేను ఆ అధ్యాయము మీద ఎన్నోసార్లు ప్రసంగించాను గాని, రిబ్కా చేతులను గురించి ఎన్నడూ ఆలోచించలేదు. చదువురాని ఆ తల్లి ఆ రోజు నాకు వాక్యము వివరించింది.

ఇంకొక చోటు ధవళేశ్వరము. అక్కడ సర్ ఆర్థర్ కాటన్ పేరిట మ్యూజియము ఉన్నది. గోదావరి ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయినది. ఆనకట్ట నమూనాలు, ఆ కాలపు పనిముట్లు అక్కడ చూడవచ్చును. లాకులు, తూములు, వంతు నీళ్లు ఎరిగిన రైతుకు ఆ నమూనాలు ఎవరూ వివరించనక్కరలేదు. తన చేనికి వచ్చే నీరు ఏ మనుష్యుల చెమటతో వచ్చినదో తెలిసికొని, దేవునికి స్తోత్రము చెప్పి వస్తాడు.

అయితే నా మనస్సును కలతపెట్టే సంగతి ఒకటున్నది. మన కొల్లేటి ప్రాంతములో వరి చేలు చేపల చెరువులైనాయి. తాటి దోనెలు, చేపలు పట్టే మావులు, కుంచాలు, తిరగళ్లు, నాగళ్లు మన కండ్ల ముందే పొయ్యిలోనికీ పాత సామాను బండిలోనికీ పోతున్నాయి. పదకొండవ శతాబ్దములో ఈ కలిదిండిలో యుద్ధము జరిగిందనీ, అందులో పడిపోయిన ముగ్గురు చోళ సేనాపతుల జ్ఞాపకార్థము రాజరాజనరేంద్రుడు గుడులు కట్టించాడనీ మనకు ఎలా తెలిసింది? రాగిరేకుల మీద వ్రాసినది నిలిచింది గనుక. రాజుల సంగతి రాగిరేకు మీద నిలిచింది. మన తాతల కష్టము ఏ రేకు మీద నిలుస్తుంది?

యొర్దాను దాటిన తరువాత పన్నెండు రాళ్లు తీసి నిలువబెట్టించాడు దేవుడు. ఈ రాళ్లెందుకని పిల్లలు అడగాలి, తండ్రులు జవాబు చెప్పాలి. యెహోషువ 4వ అధ్యాయములో ఉన్న ఏర్పాటు ఇదే. మ్యూజియము చేసే పని కూడా అదే. పిల్లలు అడుగుతారు, పెద్దలు చెబుతారు.

కాబట్టి ఈసారి పట్నం వెళ్లినప్పుడు ఒక పూట కేటాయించండి. సాలార్‌జంగ్ మ్యూజియమునకు శుక్రవారము సెలవు, గుర్తుంచుకోండి. అన్ని గదులూ ఒక్కరోజులో చూడాలని పరుగెత్తవద్దు. రెండు మూడు గదులు చాలు. ఒక వస్తువు ముందు నిలబడి, దీనిని ఎవరు చేశారు, ఎవరు మోశారు, ఎవరు వాడారు అని పిల్లలతో మాట్లాడండి. తెలియనిది అక్కడి సిబ్బందిని అడగండి. అడగటానికి సిగ్గుపడనక్కరలేదు. ఇంట్లో పెద్దవారుంటే వారిని తప్పక తీసుకొని వెళ్లండి.

తిరిగి వచ్చిన తరువాత మీ అటక ఎక్కి చూడండి. అమ్మమ్మ కుంచమో తాతగారి వలో ఉంటే పారవేయకండి. దాని కథ ఒక కాగితము మీద వ్రాసి దానితోపాటు ఉంచండి. సంఘములో ఒక బీరువా ఇందుకు కేటాయించినా మంచిదే. మన పిల్లలు అడిగే దినమున మన దగ్గర జవాబు ఉండునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.