ఈడెన్ జిల్లా (ఇంగ్లాండు)

ఈడెన్, ఇంగ్లాండు వాయవ్య భాగమందలి కంబ్రియా కౌంటీలో 1974 ఏప్రిల్ 1 నుండి 2023 మార్చి 31 వరకు ఉండిన స్థానిక పాలనా జిల్లా. దీని కేంద్రం పెన్రిత్ పట్టణం. ఇక్కడ ప్రవహించే ఈడెన్ నదిని బట్టి ఈ పేరు వచ్చింది. పూర్వపు కంబర్లాండ్, వెస్ట్‌మోర్లాండ్ కౌంటీల భాగాలను కలిపి దీనిని ఏర్పరచారు.

పడమట ఉల్స్‌వాటర్ సరస్సు, తూర్పున పెన్నైన్ కొండలు ఉన్నాయి. గొర్రెల పెంపకం, పర్యాటకం ముఖ్య జీవనాధారాలు. ఆపిల్‌బీలో ఏటా జూన్‌లో గుర్రాల సంత జరుగుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడ 52,564 మంది నివసించేవారు. చదరపు కిలోమీటరుకు సుమారు 25 మందితో, అప్పట్లో ఇంగ్లాండు జిల్లాలలో అతి తక్కువ జనసాంద్రత దీనిదిగా ఉండేది.

చెత్త సేకరణ, గృహనిర్మాణ అనుమతులు జిల్లా కౌన్సిల్, పాఠశాలలు, రహదారులు కౌంటీ కౌన్సిల్ చూసేవి. 2023లో రెండు కౌన్సిళ్ళూ రద్దయ్యాయి. ప్రస్తుతం ఈ బాధ్యతలన్నీ వెస్ట్‌మోర్లాండ్ అండ్ ఫర్నెస్ అనే ఒకే కౌన్సిల్ నిర్వహిస్తున్నది.