నౌకరీకి, పనికి మధ్య గోడ

భిలాయ్ ఉక్కు నగరంపై సాగిన సుదీర్ఘ పరిశోధన లైబ్రరీ దాటి యూనియన్ ఆఫీసులకు, ఆసుపత్రులకు చేరాల్సి ఉంది

భిలాయ్‌లో 'సెక్టర్ 4' అని చిరునామా చెబితే ఒకప్పుడు మరో ప్రశ్న అక్కర్లేదు. ఇంటిపెద్దకు ఉక్కు కర్మాగారంలో పర్మినెంటు ఉద్యోగమని తెలిసిపోయేది. కంపెనీ క్వార్టరు, కంపెనీ స్కూలు, సెక్టర్ 9లో కంపెనీ ఆసుపత్రి. అదే కొలిమి దగ్గర చెమటోడ్చే కాంట్రాక్టు కార్మికుడు మాత్రం షిఫ్టు ముగిశాక ఎక్కువగా టౌన్‌షిప్ బయటి బస్తీకే వెళతాడు. ఒకరిది 'నౌకరీ'. రెండోవారిది 'కామ్', అంటే ఒట్టి పని.

ఈ రెండు మాటల మధ్య దూరాన్ని కొలిచింది లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జోనథన్ ప్యారీ. 1993లో మొదలైన ఆయన అధ్యయనం 2020లో 'క్లాసెస్ ఆఫ్ లేబర్' పుస్తకంగా వెలువడింది. స్థానిక డాక్యుమెంటరీ దర్శకుడు అజయ్ టి.జి. అందులో ఆయనకు సహకారి.

సోవియట్ సాయంతో కట్టిన ఈ ప్లాంటులో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. తెలుగువారితో సహా దేశం నలుమూలల వారూ ఉపాధి కోసం తరలివచ్చారు. కులం, భాష వేరైనవాళ్లు ఒకే షిఫ్టులో కలిసి పనిచేశారు. అయితే పాత గోడలు కొంత పలచబడిన చోటే కొత్త గోడ లేచిందన్నది ప్యారీ పరిశీలన. 1980లలో 60 వేలు దాటిన పర్మినెంటు సిబ్బంది తర్వాత దాదాపు సగానికి పడిపోయారు. వారి పనిలో చాలా భాగం కాంట్రాక్టు కూలీల చేతికి వచ్చింది, వారి జీతం మాత్రం రాలేదు.

ఆశ్చర్యపరిచే మరో అంశాన్ని 2012లో ఆయన ప్రకటించారు. భిలాయ్‌లో పెరిగిన ఆత్మహత్యల ముప్పు నిరుపేద బస్తీల్లో కన్నా పర్మినెంటు ఉద్యోగుల కుటుంబాల్లోనే ఎక్కువ. తండ్రికి దక్కిన నౌకరీ కొడుక్కి దక్కడం లేదు. నిచ్చెన కింది మెట్టున ఉన్నవారి కంటే జారిపోతామన్న భయం ఉన్నవారే ఎక్కువగా కుంగిపోతున్నారు.

ఇది సెమినార్ గదిలో ఉండిపోవాల్సిన సంగతి కాదు. కౌన్సెలింగ్ ఎవరికి అవసరమో స్కూలుకు, ఆసుపత్రికి ఇది చెబుతుంది. సభ్యత్వ జాబితాలో ఎవరి పేర్లు లేవో యూనియన్లకు గుర్తు చేస్తుంది. కాంట్రాక్టు కార్మికులను కూడగట్టిన శంకర్ గుహా నియోగి 1991లో ఇక్కడే హత్యకు గురయ్యారు. మరుసటి ఏడాది జూలై 1న పట్టాలపై బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు.

పరిశోధకుడు విమానమెక్కి వెళ్లిపోవచ్చు, స్థానిక సహకారికి ఆ వీలుండదు. పౌరహక్కుల సంఘంలోనూ పనిచేసిన అజయ్‌ను 2008 మేలో ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజాభద్రతా చట్టం కింద అరెస్టు చేశారు. గడువులోగా చార్జిషీటు దాఖలు కాకపోవడంతో ఆగస్టులో ఆయన బెయిలుపై బయటికొచ్చారు.

2025లో కాంట్రాక్టు కార్మికుల తొలగింపుపై విశాఖ ఉక్కులో ఆందోళనలు చెలరేగినప్పుడు తలెత్తిందీ భిలాయ్ ప్రశ్నే: కార్మికుడంటే ఎవరు? పరిశోధన దాన్ని స్పష్టంగా అడిగింది. జవాబు చెప్పాల్సింది విశ్వవిద్యాలయాలు కాదు.