కుందేళ్ళ ఎంపిక – సరసమైన వెల

పశువుల బేరం ఒక విద్య. ‘నీళ్ళలో ఉన్న బర్రెను బేరమాడినట్లు’ అనే సామెత ఆ విద్య ఎరుగని వారికి హెచ్చరిక. కళ్ళారా చూడని దానికి వెల కట్టరాదన్నది దాని సారం. మాంసానికి కొనే జంతువు విషయంలో పొరపాటు ఒక్క పూటతో ముగుస్తుంది. సంతతి కోసం కొనే జంతువు విషయంలో అదే పొరపాటు తరతరాలకూ సంక్రమిస్తుంది. కొద్దిపాటి స్థలంలో సాగే కుందేళ్ళ పెంపకాన్ని స్వయం ఉపాధిగా ఎంచుకొనే యువతీయువకులు ఈ భేదాన్ని ముందుగా గ్రహించాలి.

మన పొలాల్లో, పొదల్లో కనిపించే కుందేలు వేరు. పెంపకానికి పనికివచ్చే కుందేలు వేరు. అడవి కుందేలు పిల్లలు కళ్ళు తెరిచి, ఒంటినిండా బొచ్చుతో పుడతాయి. పెంపుడు కుందేలు పిల్లలు కళ్ళు మూసుకొని, బొచ్చు లేకుండా పుడతాయి. అడవి కుందేలును వేటాడడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. పెంపుడు కుందేలు పూర్వీకులది ఐరోపాలోని స్పెయిన్, పోర్చుగల్ ప్రాంతం. మన దేశంలో పెంచే జాతుల్లో న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, గ్రే జెయింట్, వైట్ జెయింట్ ముఖ్యమైనవి. పేరులో న్యూజిలాండ్ ఉన్నా, మొదటి జాతి రూపొందింది అమెరికాలో.

జాతి ఎంత మేలైనదైనా వాతావరణం సరిపడాలి. కుందేలుకు చెమట పట్టదు. ఒంటి వేడిని ప్రధానంగా చెవుల ద్వారా వెలికి పంపుతుంది. ఎండలు ముదిరితే మగ కుందేలు సంతాన సామర్థ్యం తగ్గిపోతుంది. కనుక కొండల చల్లదనంలో పెరిగిన వాటికంటే, తమ ప్రాంతంలోనే పుట్టి పెరిగిన వాటిని, అదీ చల్లని నెలల్లో కొనడం శ్రేయస్కరం.

కొనుగోలుదారు ప్రతి కుందేలునూ చేతుల్లోకి తీసుకొని పరీక్షించాలి. దానిని చెవులు పట్టి ఎత్తరాదు. చెవి లోపల గోధుమరంగు పొక్కులు కడితే అది గజ్జికి గుర్తు. ముందు కాళ్ళ లోపలివైపు బొచ్చు తడిసి అట్టకట్టి ఉంటే, అది కారుతున్న ముక్కును తుడుచుకొంటున్నదని, శ్వాసకోశ వ్యాధి ఉండవచ్చునని గ్రహించాలి. పై పళ్ళు కింది పళ్ళకు కొంచెం ముందుండాలి; పళ్ళ వంకర తరచుగా వంశపారంపర్యంగా వస్తుంది. వెనుక పాదాల అడుగున పుండ్లు ఉండరాదు. ఆడదానికి కనీసం ఎనిమిది చనుమొనలు, మగదానికి రెండు వృషణాలు స్పష్టంగా కనిపించాలి. పొడవుగా వంకరతిరిగిన గోళ్ళు ముదురు వయసును సూచిస్తాయి. జత కట్టే ఈడు ఐదారు నెలలకు వస్తుంది కాబట్టి, నాలుగైదు నెలల కుందేళ్ళను కొంటే అవి కొత్త చోటికి అలవాటు పడేందుకు వ్యవధి ఉంటుంది.

దేహపరీక్ష సగం పని మాత్రమే. తక్కిన సగం వంశపరీక్ష. కుందేలు సుమారు 31 రోజులకు ఈనుతుంది. తల్లి ఒక ఈతలో ఎన్ని పిల్లలను కన్నదన్న దానికంటే, పాలు మరిచేనాటికి ఎన్నింటిని దక్కించుకొన్నదన్నది ముఖ్యం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళని అమ్మకందారు వాదించవచ్చు. కొనేవారు తేదీలతో రాసిన పుస్తకాన్ని అడగాలి. మగ, ఆడ కుందేళ్ళు ఒకే తల్లి పిల్లలు కాకుండా చూసుకోవాలి. రక్తసంబంధం గల వాటిని తరతరాలుగా జత కూర్చితే సంతతి బలహీనపడుతుంది.

ఇక వెల సంగతి. సరసమైన వెలను అమ్మకందారు మాటను బట్టి కాక, పిల్లల రాబడిని బట్టి నిర్ణయించాలి. ఒక తల్లి వంశం ఈతకు నాలుగు పిల్లలను, మరొక తల్లి వంశం ఆరు పిల్లలను దక్కించుకొంటున్నాయని, ఏడాదికి ఐదు ఈతలని అనుకొందాం. భేదం ఏడాదికి పది పిల్లలు. మేత, మందుల ఖర్చు పోగా పిల్లకు 50 రూపాయలు మిగిలితే ఆ భేదం విలువ 500 రూపాయలు. రెండేళ్ళకు 1,000 రూపాయలు. మేలైన వంశానికి చెల్లించదగిన అదనపు వెలకు అదే పరిమితి. నష్టభయాన్ని తలచుకొంటే అంతకంటే తక్కువకే బేరమాడాలి. ఈ లెక్క వేయాలంటే, కొనడానికి ముందే స్థానికంగా కుందేలు మాంసం కొనేవారెవరో, కిలోకు ఎంత ఇస్తారో విచారించి తెలుసుకోవాలి.

ఈ విచారణ లేని చోట ఏమవుతుందో ఈమూ పక్షుల ఉదంతం చాటింది. తమిళనాడులోని ఈరోడ్ జిల్లాలో పక్షులను అమ్మి, మేత ఇచ్చి, ఆదాయానికి హామీ పలికిన సంస్థలు 2012లో మూతపడ్డాయి. ఆంధ్రప్రదేశ్ రైతులూ ఈమూలతో నష్టపోయారు. పెంచేవారు మరొక పెంచేవారికి అమ్ముకొన్నంతకాలం జతల వెల ఆకాశాన్నంటింది. తినేవారు లేరని తేలిననాడు మేత ఖర్చు కూడా రాలేదు. పిల్లలన్నింటినీ తామే తిరిగి కొంటామని మాట ఇచ్చి, జతకు ఎన్నో రెట్లు వెల చెప్పే కుందేళ్ళ వ్యాపారుల విషయంలోనూ ఈ జాగ్రత్త అవసరం.

లేనిదాన్ని ఉన్నట్లు చెప్పడాన్ని మన పెద్దలు కుందేటి కొమ్ముతో పోల్చారు. ఆరోగ్యాన్ని చేతితో, వంశాన్ని రాతతో, వెలను లెక్కతో సరిచూసుకొనేవారు కుందేలునే కొంటారు. తక్కినవారు దాని కొమ్మును కొంటారు.